ఇరుసు గోత్రం

పాత పికప్ ట్రక్కు మీద మోజు పుట్టినవాడికి అమెరికాలో పైభాగం గురించి బెంగ లేదు. 1947 నుంచి 1955 తొలి నెలల దాకా వచ్చిన షెవర్లే 3100నే తీసుకోండి. దానికి కొత్త తలుపు దొరుకుతుంది, మడ్‌గార్డు దొరుకుతుంది. వెనక తొట్టిలో పరిచే చెక్క పలకలు కూడా సరైన కొలతకు కోసి పెట్టెలో పెట్టి పంపుతారు. కంటికి కనిపించేదాన్ని మళ్లీ తయారుచేసి అమ్మే వ్యాపారం అక్కడ ఏనాడో స్థిరపడింది. తంటా అంతా బండి కిందికి దూరాక మొదలవుతుంది, ముఖ్యంగా వెనక ఇరుసు దగ్గర.

ఇంజన్‌ని అందరూ పట్టించుకుంటారు. ఇరుసు మాత్రం ఊళ పెట్టేదాకా ఎవరికీ గుర్తు రాదు. అందులో నూనె ఎప్పుడు పోశారో బండి కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఇరుసు లోపలి గేర్లను మూసి ఉంచే హౌసింగ్ పైన గాలి పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడుకుపోతే లోపలి వేడికి ఒత్తిడి పెరిగి, నూనె సీళ్లను తోసుకుని బ్రేకు డ్రమ్ముల్లోకి దిగుతుంది. నూనె తగ్గుతుంది, పళ్లు కాలతాయి, ఊళ మొదలవుతుంది. చెవి తిరిగిన మెకానిక్ ఆ ఊళ విని సగం జబ్బు అక్కడే చెప్పేస్తాడు. యాక్సిలరేటర్ నొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా పలికితే అది క్రౌన్-పినియన్‌ది, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుడును చక్రాలవైపు మళ్లించే పళ్ల జతది. మలుపు తిప్పినప్పుడు హెచ్చుతగ్గులైతే చక్రం బేరింగుది. క్లచ్ వదలగానే టక్కుమని దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసో, లోపలి స్టార్ గేర్లో అరిగాయని లెక్క.

జబ్బు తెలిశాక మందు వెతకాలి. ఇక్కడే చాలామంది మొదటి అడుగు తప్పుగా వేస్తారు. బండి పేరూ, తయారైన ఏడాదీ చెప్పి సామాను అడుగుతారు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పాత జీపు సామాన్ల కొట్టు ముందు కాసేపు నిలబడితే ఈ సంభాషణ ఎవరి చెవినైనా పడుతుంది.

"జీపు వెనక షాఫ్ట్ కావాలండీ."

"ఏ జీపు బాబూ?"

"పాత మహీంద్రా."

"పాతవి చాలా ఉన్నాయి. షాఫ్ట్ చివర టేపరా, ఫ్లాంజా? స్ప్లైన్లు ఎన్ని? క్రౌన్‌కి పళ్లెన్ని?"

కుర్రాడు ఫోన్ తీసి బండి ఫొటో చూపిస్తాడు. బానెట్టు, ముందు లైట్లు, కొత్తగా వేయించిన రంగు. కొట్టు పెద్దాయన ఫోన్ వంక చూడను కూడా చూడడు. "ఊడదీసి పట్టుకురా నాయనా" అంటాడు.

పెద్దాయన మాటలో కటువుతనం ఏమీ లేదు. సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు ఒక్కటే అడిగి ఊరుకోరు, గోత్రం కూడా అడుగుతారు. షెవర్లే, ఫోర్డ్, స్టూడీబేకర్, జీప్ అనేవి ఇంటిపేర్లు. బండి కింద ఉన్న ఇరుసు గోత్రం వేరు. ఆ సంగతి పట్టుకున్నవాడికి సామాను దొరుకుతుంది, పట్టుకోనివాడు తిరుగుతూనే ఉంటాడు.

డానా వంశం

వాహనాల కంపెనీలు చాలావరకు ఇరుసుల్ని బయటినుంచి కొనుక్కునేవి. అమెరికాలో ఆ అమ్మేవాళ్లలో పెద్దపేరు డానా. దాని మూలపురుషుడు క్లారెన్స్ స్పైసర్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, గొలుసుకు బదులు షాఫ్ట్‌తో చక్రాలు తిప్పే జాయింటు తయారుచేసి, 1904లో కంపెనీ పెట్టాడు. 1914లో చార్లెస్ డానా అనే న్యాయవాది అందులో అడుగుపెట్టాడు. 1946లో కంపెనీకి ఆయన పేరే వచ్చింది. స్పైసర్ అన్నా డానా అన్నా పాత ఇరుసుల లోకంలో ఒకే ఇల్లు.

ఈ ఇంటి పిల్లల్లో అందరికంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది డానా 44. 1957కు ముందు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-100 కింద అదే. స్టూడీబేకర్ పికప్ కింద అదే. ఇంటర్నేషనల్ కింద, జీప్ కింద కూడా కనిపిస్తుంది. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ కారు వెనకనున్న సాలిస్‌బరీ పెట్టె సైతం దీనికి దాయాదే. కాబట్టి స్టూడీబేకర్ పికప్‌కి క్రౌన్-పినియన్ కావాల్సినవాడు స్టూడీబేకర్ సామాన్లు అమ్మేవాళ్ల చుట్టూ తిరిగితే చెప్పులు అరుగుతాయి. డానా 44 అని అడిగితే కొత్తదే పెట్టెలో వస్తుంది.

అలాగని గోత్రం ఒక్కటీ తెలిస్తే సరిపోదు. జీపుల కింద వచ్చిన డానా 44లనే చూడండి. తొలినాళ్ల షాఫ్టులకు 10 స్ప్లైన్లు, అంటే కొసన పొడుగ్గా చెక్కిన పళ్లు, తర్వాతి వాటికి 19, ఇంకా తర్వాత 30. పాతవాటిలో షాఫ్ట్ బయటి చివర సన్నబడుతూ టేపరుగా ఉంటుంది. హబ్బు విడిగా వచ్చి, చిన్న ఉక్కు కీ సాయంతో దానిమీద బిగుసుకుంటుంది. 1970ల నాటికి షాఫ్టూ ఫ్లాంజూ ఒకే ముక్కగా ఉండే రకం వచ్చింది. ఆటోనగర్ పెద్దాయన టేపరా ఫ్లాంజా అని అడిగింది ఇందుకే. మన జీపులదీ ఆ వంశమే మరి.

హౌసింగ్ మీద వైరు బ్రష్షు పెట్టి ఓపిగ్గా తుప్పు గీకితే జాతకం బయటపడుతుంది. గుండ్రటి పోత భాగం మీద 44 అనే అంకె ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పక్కనున్న గొట్టం మీద కంపెనీ కొట్టిన సంఖ్య ఉంటుంది. ఏ వాహనం కోసం, ఏ నిష్పత్తితో, ఏ షాఫ్టులతో ఆ ఇరుసు బయల్దేరిందో ఆ సంఖ్యతో తెలుస్తుంది. వెనక కవరు బోల్టు కింద చిన్న రేకు బిళ్ల కూడా ఉండాలి. ఎవరో ఎప్పుడో విప్పి పారేసి ఉంటారనుకోండి, అది వేరే సంగతి.

గొట్టంలో దాక్కున్న షాఫ్ట్

అన్నిటికంటే చిక్కు షెవర్లేది. దాని మాతృసంస్థ జనరల్ మోటార్స్ తన ఇరుసులు తానే చేసుకుంది. అందులోనూ 3100 పికప్‌ది వింత అమరిక. మామూలు బండి కింద పడుకుని చూస్తే గేర్‌బాక్సు నుంచి ఇరుసు దాకా ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనబడుతూ ఉంటుంది. ఈ షెవర్లేలో అది కనపడదు. లావాటి గొట్టం లోపల తిరుగుతుంది. దాన్ని టార్క్ ట్యూబ్ అంటారు. గొట్టం వెనక కొస ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటుంది. ముందు కొస బంతిలాంటి కీలుతో గేర్‌బాక్సుకు ఆనుతుంది. చక్రాలు బండిని ముందుకు నెట్టే బలమంతా ఆ గొట్టం గుండానే పోతుంది. వెనక కమాను పట్టీలు బరువు మోస్తాయంతే.

దాంతో ఇరుసు మార్చడమంటే ఇరుసు ఒక్కటి మార్చడం కాదు. బయటి షాఫ్టున్న వేరే ఇరుసు పెట్టాలంటే గేర్‌బాక్సు వెనక భాగం మారాలి. గేర్‌బాక్సు మారితే దాన్ని మోసే బ్రాకెట్లు మారాలి. ఇరుసు మెలి తిరగకుండా పట్టుకునే ఏర్పాటూ కొత్తగా చూసుకోవాలి. 1955 తొలి నెలల్లో, పాత ఆకారం ఇంకా మారకముందే, షెవర్లే టార్క్ ట్యూబుకు స్వస్తి చెప్పింది. అంటే పాత ఆకారం షెవర్లే పికప్ అని అడిగితే కొట్టువాడి దగ్గర రెండు జవాబులుంటాయి. 1954 దాకా వచ్చిన బండికి గొట్టం ఉంది, 1955లో వచ్చినదానికి లేదు. బ్రేకులదీ అదే కథ. బయటికి ఒకేలా కనిపించే బళ్లలో 1950 దాకా హక్ బ్రేకులు, 1951 నుంచి బెండిక్స్.

ఈ గొట్టం ఒక తమాషా జబ్బు కూడా తెస్తుంది. దాని ముందు కొసలో ఉండే సీలు పాడైతే గేర్‌బాక్సులోని నూనె గొట్టంలోకి దిగి, నెమ్మదిగా వెనక్కి పాకి ఇరుసులో చేరుతుంది. గేర్‌బాక్సు ఎండిపోతుంది, ఇరుసు నిండిపోతుంది. నిండినది ఊరుకోదు, చక్రాల దగ్గర సీళ్లు దాటి బ్రేకు లైనింగుల్ని తడుపుతుంది. చక్రం దగ్గర నూనె చూసి చక్రం సీలు మార్చినవాడు, మళ్లీ మార్చినవాడు, మూడోసారి సామాను అమ్మినవాణ్ణి తిడతాడు. ఇరుసు పక్కనున్న ప్లగ్గు విప్పినప్పుడు నూనె అంచుదాకా ఉండాలి. ధారగా బయటికి దూకిందంటే దోషం గొట్టం అవతలి కొసన, గేర్‌బాక్సు దగ్గరుంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరూ రూపాయి ఖర్చు పెట్టకూడదని నా ఉద్దేశం.

అయినా ఈ బండి యజమానులకు సామాను దొరకడం కంటే పెద్ద కోరిక ఒకటుంది. 3100 ఇరుసు నిష్పత్తి 4.11. చక్రం ఒక చుట్టు తిరగాలంటే షాఫ్ట్ నాలుగు చుట్లకు పైగా తిరగాలి. పొలం నుంచి ఊరికి ధాన్యం మోయడానికి అది సరిగ్గా సరిపోయింది. ఇవాళ హైవే మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, 28 అంగుళాల టైరుతో ఇంజన్ నిమిషానికి సుమారు 2,750 చుట్లు తిరుగుతుంది. 1953 దాకా ఆ బండిలో ఉన్న 216 ఘనపుటంగుళాల ఇంజన్‌కి కనెక్టింగ్ రాడ్ల దగ్గర పోత బాబిట్ బేరింగులు. వాటికి నూనె అందేది చాలావరకు గరిటెలతో చిమ్మించే పద్ధతిలో. గంటల తరబడి ఆ వేగం దానికి పడదు.

1950లో షెవర్లే తన కార్లలో పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు తెచ్చినప్పుడు, వాటి ఇరుసుల్లో 3.55 నిష్పత్తి వాడింది. ఆ క్రౌన్-పినియన్ పికప్ హౌసింగులో కూర్చుంటుందని పాతవాళ్లు ఏనాడో కనిపెట్టారు. అది పెడితే అదే 90కి ఇంజన్ దాదాపు 2,380 చుట్లకు దిగుతుంది. కార్లనుంచి ఊడదీసిన ఆ జతల కోసం తుక్కు యార్డుల్లో వేట సాగినన్నాళ్లు సాగి, చివరికి కొత్తవే తయారు చేసి అమ్మడం మొదలైంది. స్పీడోమీటరు మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. ముల్లు 50 మైళ్ల దగ్గరుంటే బండి నిజానికి 58 మైళ్ల వేగంతో పోతుంటుంది. పోలీసుకు ఈ గణితం చెప్పి లాభం లేదు. లోడుతో ఎత్తెక్కేటప్పుడు బలం తగ్గుతుంది కూడా. వారాంతంలో సరదాగా తిప్పే బండికి అది సమస్యే కాదు.

ఫోర్డ్ సంగతి ఒక్క ముక్కలో తేల్చెయ్యొచ్చు. 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ వాడిన 9 అంగుళాల ఇరుసుకు అమెరికాలో ఎంత ఆదరణంటే, రేసు కార్లవాళ్ల పుణ్యమా అని హౌసింగ్‌తో సహా ప్రతి ముక్కా ఇవాళ కొత్తగా దొరుకుతుంది. క్రౌన్-పినియన్ ఉన్న పెట్టె మొత్తం ముందువైపు నుంచి ఒకే గుండుగా బయటికొస్తుంది. బల్ల మీద పెట్టుకుని పని చేసుకోవచ్చు. అలాంటి బండి ఉన్నవాడికి ఈ వ్యాసంతో పనిలేదు.

పళ్ల లెక్క

నిష్పత్తి తెలుసుకోవడానికి బండివాళ్లు వాడే పద్ధతి తేలిక. వెనక చక్రాలు రెండూ లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, టైరు మీదా షాఫ్ట్ మీదా సుద్దముక్కతో గీత గీసి, చక్రాలు రెండింటినీ కలిపి ఒక చుట్టు తిప్పుతూ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడటమే. షాఫ్ట్ కనపడని షెవర్లేలో ఈ పప్పులుడకవు. కవరు విప్పి పళ్లు లెక్కపెట్టాలి. క్రౌన్‌కి 37, పినియన్‌కి 9 ఉంటే 4.11. 39, 11 ఉంటే 3.55. పాత సివిలియన్ జీపుల్లో 43, 8. అంటే 5.38.

ఈ అంకెల్లో ఒక కిటుకుంది. 37కీ 9కీ, 43కీ 8కీ ఉమ్మడి భాజకం లేదు. అందువల్ల పినియన్ మీది ఒక పన్ను క్రౌన్ మీది ఒక పంటిని తాకాక, మళ్లీ అదే పంటిని తాకడానికి జీపు జతలో పినియన్ 43 చుట్లు తిరగాలి. ఈలోగా క్రౌన్‌లోని ప్రతి పంటినీ పలకరించి వస్తుంది. ఒక పంటిలోని చిన్న లోపం ఒకే చోట గుంట తవ్వకుండా అరుగుదల అంతటా సమంగా పంచుకుంటుంది. సరిగ్గా 4.00, 5.00 లాంటి గుండ్రటి నిష్పత్తులు అరుదుగా కనపడటానికి కారణమిదే. క్రౌన్, పినియన్ జతగా పుట్టి, కర్మాగారంలో ఒకదానితో ఒకటి రుద్దుకుని, జత సంఖ్య కొట్టించుకుని వస్తాయి. ఒకరి దగ్గర క్రౌనూ ఇంకొకరి దగ్గర పినియనూ చవగ్గా దొరికాయని కొన్నవాడు ఊళను డబ్బిచ్చి కొనుక్కున్నట్టే.

సికింద్రాబాద్‌లోనూ దొరికే భాగం

ఇరుసులో అన్ని ముక్కలూ ఒక్కలా అరుదైనవి కావు. బేరింగులకు వాహనంతో సంబంధమే లేదు. 1898లో హెన్రీ టిమ్కెన్ టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు తీసుకున్నాక ఈ రంగంలో సంఖ్యలే భాష అయ్యాయి. బేరింగు అంచుమీద చెక్కిన అంకె రాసుకుని వెళ్తే ఒహాయోలో ఇచ్చిందే సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ ఇవ్వగలరు. టిమ్కెన్‌కి జంషెడ్‌పూర్‌లోనే కర్మాగారం ఉంది.

అంకె చూడకుండా కొలత మీద ఆధారపడితే మాత్రం దెబ్బ తింటారు. పాత జీపుల టేపర్ షాఫ్టుల చక్రాల దగ్గర వాడే బేరింగు 18590, దాని కప్పు 18520. లోపలి వ్యాసం 41.275 మిల్లీమీటర్లు, బయటిది 73.025. ఇంకా ఎక్కువచోట్ల దొరికే ఎల్ఎం 501349కి లోపలి వ్యాసం అచ్చంగా అంతే, బయటిది 73.431. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. చేతిలో పట్టుకుంటే కవలలే. హౌసింగులోకి మాత్రం దిగదు. సుత్తితో దించితే హౌసింగ్ పోతుంది. హౌసింగ్ మళ్లీ దొరకదు.

షాఫ్ట్ కొనేటప్పుడు వెలుతురులో పట్టుకుని స్ప్లైన్ల వెంట కన్నుపెట్టి చూడాలి. తిన్నగా ఉండాల్సిన గీతలు చివర్లో ఏటవాలుగా తిరిగితే ఆ షాఫ్ట్ ఎప్పుడో మెలిపడింది. సీలు కూర్చునే చోట గోటికి తగిలేంత గాడి ఉంటే దానిమీద సన్నని స్లీవ్ ఎక్కించి నెట్టుకురావచ్చు. వెల్డింగుతో నింపి లేతు మీద తిప్పించే పని మన దగ్గర చేయనివాళ్లు లేరు. బరువు మోసే వెనక షాఫ్ట్ మీద ఆ పని నేను ఒప్పుకోను. వెల్డు పక్కన వేడి తిన్న ఉక్కు గట్టిదనం కోల్పోతుంది. విరిగిన రోజున చక్రం బండిని దాటి ముందుకు పోతుంది.

మన దగ్గర మిగిలింది

1947లో మహీంద్రా సంస్థ 75 విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించింది. అమెరికాలో సీజే-3బీ జీపు 1953లో మొదలై 1968లో ఆగిపోయింది. మన దేశంలో ఆగలేదు. అదే ఆకారం, అదే వంశపు ఇరుసులు ఇంకా దశాబ్దాల పాటు మహీంద్రా పేరుతో రోడ్డెక్కాయి. పుట్టినింట అరుదైపోయిన సామాను ఇక్కడ నిత్యావసరంగా మిగిలింది. దాంతో ప్రవాహం తిరగబడింది. భారత్‌లో తయారైన జీపు విడిభాగాల్ని ఇప్పుడు అమెరికా అభిమానులు తెప్పించుకుంటున్నారు.

ఈ దారిలో రెండు గోతులున్నాయి. ఒకటి, విల్లీస్ పికప్ ట్రక్కుకీ జీపుకీ ముఖం ఒక్కటే గానీ వెనక ఇరుసు ఒక్కటి కాదు. 1947లో వచ్చిన ఆ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఒక టన్ను బండి. దాని ఇరుసు ఇంకా బరువైనది. జీపు షాఫ్ట్ తెచ్చి పికప్‌లో పెడతానంటే కుదరదు. రెండోది నాణ్యత. మంచి సరుకూ నాసి సరుకూ ఒకే రంగు పెట్టెలో వస్తాయి. ఆకురాయి తీసుకుని గేరు పంటి మూలన, పని పడని చోట ఒక్కసారి గీసి చూడాలి. సరిగ్గా గట్టిపరిచిన పంటి మీద ఆకురాయి జారిపోతుంది. కోసుకుపోయిందంటే ఆ గేరు వెనక్కి ఇచ్చేయాలి.

అమెరికాలో వెతికేవాళ్లకు పెద్ద సంత పెన్సిల్వేనియాలోని హెర్షీ. చాక్లెట్ల ఊరుగా పేరుపడ్డ ఆ పట్టణంలో ఏటా అక్టోబరులో పాత కార్ల క్లబ్బు ఆధ్వర్యంలో వేలకొద్దీ గుడారాలు వెలుస్తాయి. 1950లలో తయారై, పెట్టె విప్పకుండా మిగిలిపోయిన సామాను అక్కడ బల్లల మీదికొస్తుంది. తుక్కు యార్డులవాళ్లకు వేరే శాస్త్రం ఉంది. ఏ బండి భాగం ఏ బండికి సరిపోతుందో చెప్పే హాలండర్ పుస్తకాలు 1934 నుంచి వస్తున్నాయి. పాత సంచిక ఒకటి చేతిలో ఉంటే గోత్రాల పట్టిక ఉన్నట్టే.

ఏదీ కుదరనివాళ్లు ఏకంగా కొత్త ఇరుసు దూరుస్తారు. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఇరుసుకు గిరాకీ ఎక్కువ. 31 స్ప్లైన్ల షాఫ్టులు, డిస్కు బ్రేకులు ఉంటాయి, యార్డుల్లో గుట్టలుగా దొరుకుతుంది. పినియన్ మధ్యలో కాకుండా రెండంగుళాలు పక్కకు ఉంటుంది, కమాను పట్టీలు కూర్చునే దిమ్మెలు కోసి కొత్తచోట అతకాలి, చక్రం బోల్టులు పాత బండికి కలవవు. రోజూ నడిపే బండికి ఇది తెలివైన పనే. కానీ ఇంకా బాగు చేయగలిగిన పాత హౌసింగును తుక్కు కింద అమ్మి ఈ పని చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దాచుకోవడానికి షెడ్డులో ఆ మాత్రం మూల దొరకదా?

సామాను చేతికొచ్చాక బిగింపు ఇంకో ఎత్తు. టేపర్ షాఫ్ట్ నుంచి హబ్బు ఊడదీయడానికి సుత్తి ఎత్తకూడదు. ఆ దెబ్బ షాఫ్ట్ గుండా లోపలి డిఫరెన్షియల్ దాకా పోతుంది. నట్టును రెండు మూడు చుట్లు వదులు చేసి అక్కడే ఉంచి పుల్లర్ బిగించాలి. హబ్బు తుపాకీ పేలినట్టు వదిలినా నట్టు దాన్ని ఆపుతుంది. కొత్త క్రౌన్-పినియన్‌కి షిమ్ములు మారుస్తూ లోతు సరిచూసుకోవాలి. పళ్ల మధ్య వదులు సుమారు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంచి, పంటికి రంగు పూసి తిప్పి, అచ్చు మధ్యలో పడేదాకా ఎన్నిసార్లయినా విప్పి పెట్టాలి. ఇందులో పినియన్ క్రౌన్ మధ్యరేఖకు కిందుగా కూర్చుంటుంది కాబట్టి పళ్లు దొర్లడంతో పాటు ఒరుసుకుంటాయి కూడా. గ్లీసన్ కంపెనీ రూపొందించగా 1926లో ప్యాకార్డ్ కార్లకెక్కిన హైపాయిడ్ అమరిక ఇది. మామూలు ఇంజన్ ఆయిల్ దీనికి పనికిరాదు, తీవ్రమైన ఒత్తిడికి తట్టుకునే గేర్ ఆయిలే పోయాలి.

మొదటిరోజు లోడు వేయకూడదు. ఇరవై, పాతిక కిలోమీటర్లు తిప్పి ఇరుసు పూర్తిగా చల్లారేదాకా ఆపి, మళ్లీ తిప్పాలి. దాదాపు 800 కిలోమీటర్లకు నూనె మార్చాలి. బయటికొచ్చిన నూనెలో వెండి పొడిలా సన్నని మెరుపు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, అది కొత్త పళ్లు సర్దుకున్న గుర్తు. వేళ్ల మధ్య రుద్దినప్పుడు గుచ్చుకునే రజను తగిలితే మాత్రం కవరు మళ్లీ విప్పాలి, ఈసారి బేరింగుల నుంచి మొదలుపెట్టి.